ఆరో పెట్టెలో పొగ వాసన

ఇప్పుడు మా అనంతపురం జిల్లాలో ఎండను పండిస్తున్నారు. వేరుశనగ వేసి నష్టపోయిన చేలల్లో నల్లటి పలకలు వరసగా నిలబెట్టి, చుట్టూ కంచె వేసి, కరెంటు తీసుకుపోతున్నారు. ఈమధ్య ఒక చిన్న వయసు ఇంజనీరమ్మ ఆ పలకల మధ్య నన్ను నడిపించి, "తాతగారూ, ఈ జిల్లాలో ఎండను వాడుకోవడం మొదలుపెట్టింది మేమే" అంది. నేను తల ఊపాను. కాదంటే చాలా చెప్పాల్సి వచ్చేది, ఆమెకు అవతల పని ఉంది. ఆమెకు చెప్పకుండా వదిలేసింది ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు చదువుకోవచ్చు. ఇందులో వాళ్ళకు పనికొచ్చేవి ఒకటి రెండు తప్పులు.

ఆరు దశాబ్దాల కిందట మేము కూడా ఎండతో వండాం. వండినవాటిల్లో అన్నిటికంటే దూరం పోయింది అన్నం కాదు, అబద్ధం. దాన్ని వండినవాణ్ణి నేను. వడ్డించింది మా అక్క.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. అరవైల మొదట్లో నేను కుందుర్పి దిక్కున గ్రామసేవక్‌ని. పది పల్లెలు, ఒక సైకిలు. పైనుంచి ఏది వస్తే దాన్ని ఊళ్ళోకి తీసుకుపోవడం నా పని. ఎరువు వస్తే ఎరువు, సీమ కోడిపుంజు వస్తే కోడిపుంజు. ఆడవాళ్ళ దగ్గర కూర్చుని మాట్లాడటానికి నాకు వీలుండదు కాబట్టి, అదే పది పల్లెలకు ఒక గ్రామసేవిక ఉండేది. ఆమె నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మిషను బడిలో పాఠాలు చెప్పిన అయ్యవారి కూతురు. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోయాడు. ఇద్దరు చెల్లెళ్ళు ఆమె జీతం మీద హాస్టల్లో ఉండి చదువుతున్నారు. ఆమెది తాత్కాలికపు పోస్టు, ఏడాదికోసారి పొడిగించేవాళ్ళు. తెల్లచీర, నల్లగొడుగు, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక తినుబండారం. నన్ను తమ్ముడా అనేది. పైకి నవ్వేది కాదు. ముఖం మామూలుగా పెట్టి ఒక ప్రశ్న అడిగేది. ఆ ప్రశ్నకు మనం జవాబు చెప్పుకుంటూ పోతే చివరికి మనమే నవ్వుకోవాల్సి వచ్చేది.

ఒక ఫాల్గుణమాసంలో లారీలో ఆరు పెట్టెలు వచ్చాయి. చెక్కపెట్టె, లోపల నల్లరంగు పూసిన రేకు, మీద రెండు పొరల గాజుపలక. పెట్టెకు ఒక తలుపు, ఆ తలుపు లోపలివైపు ముఖం చూసుకునే అద్దం. అద్దం ఎండను పట్టి గాజులోంచి లోపలికి పంపుతుంది, నల్లరేకు ఆ వేడిని పట్టుకుంటుంది, లోపల పెట్టిన గిన్నె ఉడుకుతుంది. అంతే యంత్రం. దానికి కాగితాల్లో సూర్యరశ్మి పాకయంత్రం అని పేరు. ఊళ్ళో రెండో రోజుకే ఎండపెట్టె అయింది.

పెట్టెలతో పాటు ఒక కాగితం వచ్చింది. అందులో లాభాలు రాసి ఉన్నాయి. కట్టెలు ఆదా అవుతాయి, కళ్ళు చెడవు, పాత్రలకు మసి పట్టదు. అన్నిటికంటే పైన, కింద గీత గీసి, పొగ బొత్తిగా రాదు అని ఉంది. నేను దాన్ని కంఠతా పట్టాను. పది ఊళ్ళలో పదిసార్లు చెప్పాను. "అమ్మా, పొగ బొత్తిగా రాదు." ఈ వాక్యాన్ని గుర్తుంచుకోండి.

మా బీడీవో గోదావరి దిక్కు మనిషి. మంచివాడే. మా జిల్లా ఎండను చూసి ఆయనకు కోపం, మా తిండిని చూసి ఆశ్చర్యం. "ఏమయ్యా, మొదటి ప్రదర్శనకి అన్నం, పప్పు వండి చూపించు. అన్నం అంటే ఇష్టం లేని మనిషుంటాడా?" అన్నాడు. ఉండడు. కానీ మేము ప్రదర్శన పెట్టబోయే ఊళ్ళో వరి అన్నం పండగనాడు తినేది. మిగతా రోజుల్లో రాగి సంగటి. ఈ సంగతి నాకు తెలుసు. నేను ఆ జిల్లాలోనే పుట్టాను. అయినా అన్నమే వండాను. పైవాళ్ళు చెప్పింది చేసేటప్పుడు మనకు తెలిసింది మర్చిపోవడం ఉద్యోగంలో మొదట వచ్చే విద్య.

రచ్చకట్ట ముందు పెట్టె పెట్టాం. రెండున్నర గంటలు పట్టింది. అంతసేపూ ఆడవాళ్ళు ఓపికగా కూర్చున్నారు. గాజు తీసి చూపిస్తే అన్నం మెతుకు మెతుకుగా ఉడికి ఉంది. ముందువరసలో కూర్చున్న ఒక అవ్వ మెతుకు నలిపి చూసింది.

"అన్నం బాగుండాది నాయనా. సంగటి కెలుకుతుందా నీ పెట్టె?"

సంగటి చేయడం చూసినవాళ్ళకు ఆ ప్రశ్న అర్థమవుతుంది. ఎసరు కాగినాక పిండి పోసి, కుండను కాళ్ళ మధ్య ఇరికించుకుని, కట్టెతో బలంగా గెలకాలి. గెలకకపోతే అది సంగటి కాదు, ఉండలు కట్టిన పిండి. ఎండపెట్టె గాజు ఒక్కసారి తీస్తే వేడంతా పోతుంది. తీయకుండా గెలకడం దేవుడికి కూడా కుదరదు.

"కెలకదు అవ్వా" అంది అక్క, పక్కనుంచి. "కెలికేదానికి నిన్ను కూడా లోపల కూసోబెట్టాల."

"కూసుంటాలే. ఈ ఎండలో బయటుంటే మాత్రం యాం తక్కువ?" అంది అవ్వ.

ఆ సాయంత్రం నేను నివేదిక రాశాను. మా ఉద్యోగంలో ప్రజల ఆసక్తికి మూడు మెట్లుండేవి. జనం వచ్చి వెళ్ళిపోతే 'ఆసక్తి చూపారు'. వచ్చి కూర్చుంటే 'మిక్కిలి ఆసక్తి చూపారు'. ఏదైనా అడిగితే 'ఆదరించారు'. అవ్వ అడిగింది కాబట్టి 'ఆదరించారు' అని రాశాను. ఏమడిగిందో రాయడానికి ఆ గడిలో చోటు లేదు.

ప్రజలు ఆదరించారు కాబట్టి ఆరు పెట్టెలూ ఆ ఊళ్ళోనే ఆరిళ్ళకు ఇచ్చాం.

నెల తర్వాత బీడీవో పిలిచాడు. హైదరాబాదు నుంచి ఒక పెద్ద అధికారి పెట్టెలు చూడటానికి వస్తున్నాడు. ఇంకా పదిహేను రోజులుంది. ఆరు పెట్టెల్లోనూ వంట జరుగుతూ కనపడాలి.

"కనపడకపోతే?" అని అడిగాను.

"నీకేం కాదు. నీది పర్మనెంటు పోస్టు" అన్నాడాయన. తర్వాత కాగితం తిప్పుతూ, నా వైపు చూడకుండా అన్నాడు. "ఆడవాళ్ళు వాడలేదంటే, వాళ్ళకి చెప్పాల్సిన మనిషి చెప్పలేదనే రాస్తారయ్యా. ఆవిడ పోస్టు పొడిగింపు కాగితం పైనే ఉంది. ఈసారి రాదు."

అక్కకు ఈ మాట చెప్పాను. ఆమె సంచిలోంచి వేయించిన వేరుశనక్కాయలు తీసి నాకు కొన్ని పెట్టి, "పా, పోయి సూద్దాం. మన పెట్టెలు ఏం వండుతాండాయో" అంది.

మొదటిది అవ్వ ఇల్లు. పెట్టెలో బెల్లం ఉంది. "చీమ దూరదు నాయనా. బలే పెట్టె" అని మెచ్చుకుంది. రెండో ఇంట్లో అద్దం తలుపు ఊడదీసి గోడకు తగిలించారు, ఇంటాయన దాన్లో చూసుకుంటూ గడ్డం గీసుకుంటున్నాడు. మూడోది భూములున్న పెద్దింటిది. వాళ్ళు పెట్టెను నడవలో నిలబెట్టి, గాజు వెనక ఇంట్లో పెద్దవాళ్ళ ఫోటోలు పెట్టుకున్నారు. నాలుగో ఇంట్లో నీడన పెట్టి కోడిని పొదగేశారు. అయిదో ఇంట్లో పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి ఉంది. సర్కారు వస్తువు కదా, ముట్టుకుంటే ఏమవుతుందోనని దణ్ణం పెట్టి వదిలేశారు.

ఆరో ఇంటి ముందు పెట్టె సరిగ్గా ఎండలోనే, సరిగ్గా తలుపు తీసే ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. దగ్గరకు పోతే, అంతకు ముందు ఏడాది నేనే ఆ ఇంటికి ఇచ్చిన తెల్ల సీమ కోడిపుంజు, అద్దంలో కనపడే కోడిపుంజుతో పోట్లాడుతోంది. పొడిచి పొడిచి అద్దం పగిలి ఉంది.

అక్క చాలాసేపు చూసింది.

"తమ్ముడా, ఇది పోయినేటి పథకం గదా?"

"అవునక్కా."

"ఆ లోపల కనపడేది ఈ ఏటి పథకం. ఏది గెలిస్తే దానికి రిపోర్టు రాయి."

నాకు నవ్వు రాలేదు. ఆ రోజు నాకు ఆమె చెల్లెళ్ళ హాస్టలు గుర్తొస్తోంది. ఆమెకు గుర్తు రాలేదని కాదు.

తిరిగి వచ్చేటప్పుడు చెరువు కట్ట మీద నిలబడి అడిగింది. చెరువులో నీళ్ళు లేవు, కట్ట మాత్రం ఉంది. "నువ్వు ఆడోళ్ళకి ఏం చెప్పినావో అట్లనే నాకు చెప్పు. నేనూ ఆడదాన్నే."

నేను కంఠతా పట్టింది మొదలుపెట్టాను. "అమ్మా, పొగ బొత్తిగా రాదు..."

"ఆగు" అంది. "ముందు అదే చెప్పినావా?"

"కాగితంలో అదే ముందుంది."

ఆమె వెనక్కు తిరిగింది. ఇద్దరం మళ్ళీ అవ్వ ఇంటికి పోయాం. అక్క గడప మీద కూర్చుని, తలలో పేలు చూడమని అడిగినంత మామూలుగా అడిగింది.

"అవ్వా, పొగ రాకపోతే నీకేం నొప్పి?"

అవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. "నువ్వు ఈ సీమలో పుట్టలా? పొగ రాకపోతే పొయ్యిలో పిల్లి పండుకొనుండాదని అనుకోరా? ఎదురింటిది చూస్తాంటాది. మా మిద్దె మీద పొగ లేస్తే సరే, లేయకుంటే ఒక ముద్ద సంగటి పట్టుకొనొస్తాది. పాపం మంచిదే. ఆ ముద్ద తీసుకునేకంటే పస్తుండేది మేలు."

తర్వాత, ఇంకెవరి కథో చెప్పినట్టు చెప్పింది. "పెద్ద కరువులో ముప్పై దినాలు ఇంట్లో పిండి లేదు. దినామూ పొయ్యి ముట్టించి ఉత్త నీళ్ళు కాంచినా. పొగ కోసరం. మావోడికి ఆ నీళ్ళతో కాళ్ళు కడిగేదాన్ని."

అవ్వ మావోడు అన్నది ఆమె భర్తను. ఆ కరువులోనే పోయాడని తర్వాత తెలిసింది.

నేను చాలా పుస్తకాలు చదివేవాణ్ణి. మా గదిలో మంచం కింద అంతా పుస్తకాలే. కరువు గురించి కూడా చదివాను. పొగ అనేది ఒక ఇంటి మర్యాద అని, పొగ రాని వంట ఊరికి కనపడే పస్తు అని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. పుస్తకాల తప్పు కాదు. అవ్వ గుమ్మం నా గదికి మూడు మైళ్ళు.

దారిలో అక్క ఒక్కొక్క మాటే చెప్పుకుంటూ నడిచింది. పొగ మానమని ఎవరికీ చెప్పొద్దు. సంగటి పొయ్యి మీదే కానీ. అన్నం మాట ఎత్తొద్దు. ఎక్కువ కట్టెలు తినేది ఏది? ఉలవలు. గంటల తరబడి ఉడకాలి, ఎవరూ గెలకక్కర్లేదు. రాత్రి నానేసి, పొద్దున కూలికి పోయే ముందు పెట్టెలో పెడితే, తిరిగొచ్చేసరికి ఉడికి ఉంటాయి. ఆ నీళ్ళతో చారు, ఆ గింజలతో గుగ్గిళ్ళు, పక్కన సంగటి. ఇక పెట్టెను వీధిలో పెట్టి, ఇంట్లో ఏముందో ఊరందరికీ గాజులోంచి చూపించడమెందుకు? అందరివీ మట్టిమిద్దెలే గదా. పైన పెట్టుకుంటే మిరపకాయలు ఎండేసే ముసలమ్మలు కాకులను తోలుతూ పెట్టెను కూడా ఎండ వైపు జరుపుతారు.

"ఇంత సులువా?" అన్నాను.

"సులువు కాకపోతే మనకెందుకు ఇస్తారప్పా?" అంది.

పదిరోజులు ఆమె ఆ ఊరు వదల్లేదు. ఏ ఇంట్లో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. ఫోటోలు గోడకెక్కాయి, గడ్డం గీసుకునే అద్దం మళ్ళీ పెట్టెకొచ్చింది, కోడిని బుట్ట కిందకు మార్చారు, బెల్లం ఉట్టికి పోయింది. అయిదు మిద్దెల మీద అయిదు పెట్టెలు ఉలవలు ఉడికించడం మొదలుపెట్టాయి. ఆరోదానికి మాత్రం అద్దం పగిలిపోయింది, కొత్త అద్దం మాకు దొరకలేదు. అందులో ఉలవలు నానినట్టే ఉండేవి. "దాన్ని అట్లనే చూపిద్దాం. కోడి సంగతి కూడా చెప్తాం" అంది అక్క.

నాకు ధైర్యం చాలలేదు. ఆరు పెట్టెలు అన్నారు, అయిదు చూపిస్తే ఒకటి తక్కువని రాస్తారు. ఆ ఒక్కటి ఆమె పోస్టు. అధికారి వచ్చే రోజు పొద్దున్నే, ఆమెకు చెప్పకుండా, బడి వెనక మూడు రాళ్ళు పెట్టి అన్నం వండాను. నాకు వంట రాదు. రాత్రి పడిన నాలుగు చినుకులకు కంది కట్టెలు తడిసి ఉన్నాయి. ఊదీ ఊదీ కళ్ళు ఎర్రబడ్డాయి. ఎట్లాగో ఉడికించి, వేడి వేడిగా తీసుకుపోయి ఆరో పెట్టెలో పెట్టి గాజు మూశాను. ఎండ అన్నం తయారు.

పదకొండు గంటలకు జీపు వచ్చింది. పెద్ద అధికారి సన్నగా, కళ్ళద్దాలతో, నెమ్మదిగా మాట్లాడే మనిషి. జేబులో ఉష్ణమాపకం ఉంది. చదువుకున్నవాడు వస్తాడని నేను అనుకోలేదు, అది నా రెండో తప్పు. జీపు దిగి ఊరి వైపు చూశాడు. మేము కూడా చూశాం.

ఆరు మిద్దెల మీద ఆరు పొగలు లేస్తున్నాయి. మిగతా ఊళ్ళో ఒక్క పొగ లేదు. అందరూ కూలికి పోయిన వేళ అది.

"ఎండతో వండుతున్నారని చెప్పారు. ఈ పొగ ఎక్కడిది?" అన్నాడాయన.

బీడీవో నా వైపు తిరిగాడు. అవ్వ ఇంటి ముందు నిలబడి చెప్పింది.

"పొగ మాది సామీ. కూడు మీది."

"అంటే?"

"లోపలికి రా. నీకే తెలుస్తాది."

ఆయన వంగి లోపలికి పోయాడు. పొయ్యి భగభగా మండుతోంది. దాని మీద పెద్ద కుండ. అవ్వ మూత తీసింది. ఉత్త నీళ్ళు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. నీళ్ళే. తర్వాత నిచ్చెనెక్కి మిద్దె మీదకు పోయాడు. మిద్దెకు పొగ పోవడానికి వదిలిన కంతను మా దిక్కున గవాచి అంటారు. ఆ గవాచి పక్కనే, పొగలో సగం మునిగి, ఎండపెట్టె ఉంది. గాజు తీసి ఉష్ణమాపకం పెట్టి చూశాడు. ఉలవలు నాలుగు నోట్లో వేసుకున్నాడు. మెత్తగా ఉడికాయి.

"మంట ఉన్నచోట నీళ్ళు. మంట లేనిచోట తిండి" అన్నాడు, తనలో తాను. "ఎందుకమ్మా ఇట్లా?"

అక్క చెప్పింది. రెండు మూడు మాటల్లోనే చెప్పింది. ఊరికి పెద్దమనుషులు వచ్చే రోజు పొయ్యి చల్లగా ఉంటే ఇంటికి పరువు తక్కువ అని, అవ్వ కరువులో నీళ్ళు కాచిన సంగతీ. ఆయన పుస్తకంలో రాసుకోలేదు. పొగలోంచి కొంచెం పక్కకు జరిగి నిలబడ్డాడు, అంతే.

నాకు ఆ క్షణాన తెలిసింది, ఈ మనిషికి పగిలిన అద్దమూ కోడిపుంజూ చూపించినా సరిపోయేదని. అప్పటికే నా అన్నం ఆరో పెట్టెలో ఉంది.

రెండో ఇల్లు, మూడో ఇల్లు, నాలుగో ఇల్లు. ప్రతి ఇంట్లో నిచ్చెనెక్కాడు. అయిదో ఇంటి దగ్గర చెమట తుడుచుకుంటుంటే, "చాలేమో సార్, ఎండెక్కువగా ఉంది" అన్నాను. "ఎండ చూడటానికే గదా వచ్చాను" అన్నాడు. ఆరో ఇల్లు ఎక్కాడు. గాజు తీశాడు. అన్నం వేళ్ళతో తీసి, నోట్లో పెట్టుకోబోయి, ఆగి, వాసన చూశాడు.

"దీనికి పొగ వాసన వస్తోంది."

కింద కోడిపుంజు కూసింది. బీడీవో మిద్దె అంచు వైపు చూశాడు, దూకుదామా అన్నట్టు. అక్క పెట్టెలోకి చూసింది. అన్నం ఎందుకుందో ఆమెకు తెలియదు. తర్వాత నా కళ్ళు చూసింది, చేతులు చూసింది. గోళ్ళ నిండా మసి.

"అవును సార్" అంది, ఏమీ జరగనట్టు. "అది పోలిక కోసరం పెట్టినాం."

"పోలికా?"

"అయిదు పెట్టెల్లో ఎండతో ఉడికింది. ఒకదాంట్లో పొయ్యి మీద ఉడికింది. రెండూ తిని చూస్తేనే గదా తేడా తెలిసేది. దీని అద్దం ఎట్లాగూ కోడిపుంజు పగలగొట్టింది, ఇంగ దీన్ని పోలికకే పెట్టుకున్నాం. మా తమ్ముడు పొద్దున్నే లేచి వండినాడు. పాపం వంట రాదు, అందుకే వాసన కొంచెం ఎక్కువ."

"మరి ముందే చెప్పలేదేం?"

"చెప్పి పెడితే మీ నాలుక మొహమాటపడుతుంది గదా సార్."

ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు, నా గోళ్ళు కూడా చూశాడనుకుంటాను. ఆయనకు ఎంత అర్థమైందో నాకు ఇప్పటికీ తెలియదు. పుస్తకం తీసి ఆ రోజు మొదటిసారి రాసుకున్నాడు. "పోలిక. చాలా బాగుంది" అన్నాడు. ఆ అన్నం మాత్రం తినలేదు.

జీపు దుమ్ము కనుమరుగయ్యేదాకా అవ్వతో కలిపి నలుగురం నిలబడి చూశాం. తర్వాత బీడీవో నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. అక్క ఆరో మిద్దె మీదికి తీసుకుపోయి, గిన్నె నా ముందు పెట్టింది.

"తిను."

"అంతానా?"

"ఇది కరువు సీమ. అబద్ధమైనా పారెయ్యకూడదు."

పొగ వాసనకు నోట్లో పెట్టుకోలేకపోయాను. అవ్వ కింద నుంచి ఉలవచారు పంపించింది. దాంతో కలుపుకుని మొత్తం తిన్నాను. నేను తింటున్నంతసేపూ అక్క ఎదురుగా కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంది. గిన్నె ఖాళీ అయ్యాక ఒక్క మాట అంది. "నాకు చెప్పకుండా నా కోసరం ఏమీ చేయొద్దు తమ్ముడా." తర్వాత నలభై ఏళ్ళ ఉద్యోగంలో నేను ఎన్ని ఆదేశాలు అందుకున్నానో, ఆచరించింది మాత్రం ఇదొక్కటే.

ఆమె పోస్టు పొడిగించారు. మరుసటేడు పర్మనెంటు కూడా చేశారు. చెల్లెళ్ళిద్దరూ చదువు పూర్తిచేసి టీచర్లయ్యారు.

మా అబద్ధం మాకంటే ముందుకు పోయింది. ఆరేడు నెలల తర్వాత ఒక ఉత్తర్వు వచ్చింది. ఎండపెట్టె ప్రదర్శించే ప్రతి చోటా, పోలిక నిమిత్తం, ఒక పాత్రలో కట్టెలపొయ్యి మీద వండిన ఆహారాన్ని కూడా విధిగా ఉంచాలి. అప్పటినుంచి ఎక్కడెక్కడి గ్రామసేవకులో పొద్దున్నే లేచి, మూడు రాళ్ళు పెట్టి, కళ్ళు మండేలా ఊది, పొగచూరిన అన్నం వండుకుని ఎండపెట్టెల పక్కన పెట్టారు. కట్టెలు ఆదా చేసే పథకానికి ప్రతి ఊళ్ళో కట్టెలు కావాల్సి వచ్చాయి. ఒక సమావేశంలో అవతలి తాలూకా గ్రామసేవక్ ఒకాయన, "ఈ దిక్కుమాలిన పోలిక ఎవరికి తట్టిందప్పా?" అని నన్నే అడిగాడు. ఎవరో చదువుకున్నవాళ్ళకు తట్టి ఉంటుందన్నాను.

పెట్టెల సంగతి చెప్పకుండా దాటేయను. మూడేళ్ళలో ఒక్కొక్కటే గాజు పగిలింది. మారుగాజు కోసం రాసిన కాగితాలకు జవాబు రాలేదు. ఒక పెట్టెలోకి మళ్ళీ బెల్లం వచ్చింది, ఒకదాంట్లోకి మళ్ళీ కోడి వచ్చింది. ఎండ మాత్రం తగ్గలేదు. పథకం విఫలమైందనే రాయాలి. నేను అప్పుడు 'ఆసక్తి చూపారు' అని రాశాను. ఆరో పెట్టెను పనికిరాదని కొట్టేసిన రోజు అక్క అడిగి తీసుకుంది. దాన్ని ఎద్దుల బండి మీద ఇంటికి పట్టుకుపోయి, అద్దం వేయించింది. తర్వాత ఎన్ని ఊళ్ళకు బదిలీ అయినా ఆ పెట్టె ఆమె వెంటే పోయింది. చెక్క రెండుసార్లు మార్చింది, రేకు ఒకసారి, గాజు ఎన్నిసార్లో. "ఇంకా అదే పెట్టె ఎట్లవుతుందక్కా?" అంటే, "నువ్వు అదే తమ్ముడివి కాదా? నీకు మాత్రం పళ్ళు మార్చలా?" అనేది.

ఆమె ఈ వేసవిలో పోయింది. ఎనభై ఎనిమిదేళ్ళు. పొద్దున తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ పోయింది. నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె గురించి మంచి మాటలు రాసివ్వమని చర్చివాళ్ళు అడిగారు. నాలుగు వాక్యాలు రాసి, అందులో రెండు కొట్టేసి ఇచ్చాను.

మా దిక్కున ఏ మతంవాళ్ళయినా శవం లేచేదాకా ఇంట్లో పొయ్యి ముట్టించరు. సాయంత్రం మట్టి ఇచ్చి వచ్చాం. పక్కింటివాళ్ళు తెచ్చిన అన్నం ఎవరూ ముట్టలేదు. చిన్నచెల్లెలు నా దగ్గరకు వచ్చి, "అన్నా, అక్క పొద్దున పెట్టెలో ఉలవలు పెట్టింది. మిద్దె మీదే ఉండాయి. పారబోసేదానికి చేతులు రాలేదు. చావింట్లో ఉడికినవి, తినొచ్చో లేదో" అంది.

"పొయ్యి ముట్టించలేదు గదమ్మా" అన్నాను.

ఆ మాట అక్క అనాల్సింది. ఆమె లేదు కాబట్టి నేను అన్నాను. ఆ చెల్లెలు ముందు నన్ను చూసింది, తర్వాత ఏడుస్తూనే నవ్వింది.

ఇద్దరం పైకి పోయాం. ఎండ దిగిపోయింది, పెట్టె ఇంకా వెచ్చగా ఉంది. గాజు తీశాను. గింజలు బాగా ఉడికి, కొన్ని పగిలి ఉన్నాయి. చెరో పిడికెడు తీసుకున్నాం. నోట్లో పెట్టుకునే ముందు, అలవాటు లేకపోయినా, ఒకసారి వాసన చూశాను.

ఉప్పు వేయలేదు. దించాక వేద్దామనుకుని ఉంటుంది. పొగ వాసన లేదు.